ఎవరి నీళ్ళు వాళ్ళే తెచ్చుకోండి

కుట్టుమిషను నూనె వాసన తగిలితే చాలు, నాకు మా ఊరి దిగుడు బావి గుర్తొస్తుంది. మొన్న జాకెట్టు కుట్టించుకుందామని వెళితే దర్జీ మిషనుకు నూనె చుక్కలు వేస్తున్నాడు. కొలతలు ఇవ్వడం మరిచిపోయి అలాగే నిలబడిపోయాను. "ఏంటమ్మా, ఒంట్లో బాగోలేదా?" అన్నాడు. నందిగామ హైస్కూల్లో మాకు సైన్సు చెప్పిన ఖాదర్ మాస్టారు మైక్రోస్కోపు మరలకు ఆ నూనే వేసేవారు. ఆయన గురించి చెప్పడం మొదలుపెడితే నా జాకెట్టు ఆ నెలలో తయారయ్యేది కాదు. అందుకే ఇక్కడ చెబుతున్నాను.

యాభైల చివరి సంవత్సరాలు. మాది వీరులపాడు వైపు ఒక మెట్ట పల్లె. ఊరంతటికీ ఒకటే దిగుడు బావి. మెట్లు దిగి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి బిందె ముంచుకోవడం అలవాటు. ఎండాకాలం వస్తే ఇంటికొకరు నారికురుపుతో మంచం పట్టేవారు. కాలి మీద బొబ్బ లేచి పగిలి, దారం లాంటి తెల్లటి పురుగు తల బయటపెడుతుంది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకు కాస్త చొప్పున లాగాలి. తెగిందా, కాలు వాచి చీము పడుతుంది. మా నాన్నకు వరుసగా మూడేళ్ళు వచ్చింది. తొలకరికి అరక కట్టాల్సిన మనిషి మంచంలో మూలిగేవాడు. "ఇంకో ఏడు ఇట్టాగే అయితే పొలం కౌలుకిచ్చేసి, నిన్ను బడి మానిపించడమేనే" అన్నాడొకసారి. అనేసి నా మొహం చూడలేక గోడవైపు తిరిగాడు. మంట ఓర్చుకోలేనప్పుడు ఆయన పోయి కూర్చునేది ఆ బావి మెట్టు మీదే, కాలు నీళ్ళలో పెట్టుకుని.

నేను నందిగామలో మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేదాన్ని. ఒకరోజు మాస్టారు క్లాసులో నారికురుపు సంగతి చెప్పారు. కాలు నీళ్ళలో పెట్టగానే ఆ పురుగు తన పిల్లల్ని వదులుతుందట. నలుసంత నీటిపురుగులు వాటిని మింగుతాయట. ఆ నీళ్ళు తాగినవాళ్ళకు ఏడాది తిరిగేసరికి కురుపు లేస్తుందట. నేను లేచి నిలబడి మా నాన్న గురించి చెప్పబోయి ఏడ్చేశాను. మాస్టారు పుస్తకం మూసి, "మీ ఊరు ఎంత దూరమమ్మాయ్?" అన్నారు.

స్కూలు మొత్తానికి ఉన్నది ఒకటే మైక్రోస్కోపు. హెడ్మాస్టరు గారు ససేమిరా అన్నారు. "పగిలితేనో?"

"బీరువాలో ఉంటే పగలదండి. కానీ అక్కడుండి ఏం చేస్తుందండి?" అన్నారు మాస్టారు. ఆదివారం నాడు దాన్ని బొంతలో చుట్టి, సైకిలు క్యారేజీకి కట్టుకుని మా ఊరొచ్చారు.

ఆ రోజు మాకు తలవంపులే మిగిలాయి. పురుగులు తప్పక కనపడాలన్న జాగ్రత్త కొద్దీ మాస్టారు నందిగామ చెరువు నీళ్ళు సీసాలో తెచ్చారు. అరగంట ఉపన్యాసం ఇచ్చారు. ఆడవాళ్ళు తలుపుల చాటు నుంచి విన్నారు. ఊరి పెద్ద ఒకాయన గొట్టంలోకి చూసి మీసం దువ్వుకుంటూ, "బాగుందండి. ఇవి నందిగామ పురుగులు. మా బావి నీళ్ళు కొబ్బరినీళ్ళండి!" అన్నాడు. ఊరంతా గొల్లున నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. మాస్టారు మాత్రం సైకిలు నడిపించుకుంటూ, "తప్పు నాదే. నా నీళ్ళు తెచ్చి, నా మాటలే చెప్పా. ఇక వాళ్ళు చూసేదేముంది?" అన్నారు.

రెండో ఆదివారానికి ముందు దండోరా వేయించారు: ఎవరి నీళ్ళు వాళ్ళే చెంబుతో తెచ్చుకోండి, చూసుకోండి. మగవాళ్ళు వరస కట్టారు. నీళ్ళు మోసేది ఆడవాళ్ళు. వాళ్ళేమో చెంబులు పట్టుకుని దూరంగా నిలబడ్డారు. రమ్మంటే రారు. చివరికి ఒక ముసలమ్మ కసిరింది. "మావగార్ల ముందు ఒంటి కన్ను మూస్తామా? కన్ను కొట్టినట్టుండదూ! సిగ్గు లేకపోతే సరి."

మాస్టారికీ నాకూ తట్టని సంగతి అది. మాస్టారు పగలబడి నవ్వి, "మీ అమ్మ చీర ఒకటి పట్రా అమ్మాయ్" అన్నారు. మా ఊరి బడి వరండాలో ఆ చీర తెర కట్టించి, మైక్రోస్కోపుతో పాటు నన్ను లోపల కూర్చోబెట్టారు. "నువ్వే చూపించు. ఏం కనపడుతుందో మాత్రం నువ్వు చెప్పకూడదు. వాళ్ళనే చెప్పనియ్." వసపిట్టను నేను. నాకు అంతకంటే పెద్ద శిక్ష లేదు.

ముందుగా అమ్మ వచ్చింది, మా మంచినీళ్ళ కుండలోంచి ముంచిన చెంబుతో. అరచేత్తో ఒక కన్ను మూసుకుని వంగింది. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. అమ్మ నెమ్మదిగా, "తోకుంది. గంతులేస్తోంది. దీనికి ఒకటే కన్నుందే!" అంది. తలెత్తి, "ఇది మన కుండలోదేనా?" అంది.

"నువ్వే తెచ్చావు గదమ్మా."

అమ్మ తెర పక్కకు లాగి మగవాళ్ళందరి మధ్య నుంచి తిన్నగా బావికి నడిచింది. నేనూ వెంట పరిగెత్తాను. నాన్న మెట్టు మీద ఉన్నాడు.

"కాలు తియ్యయ్యా."

"ఏందే?"

"నీళ్ళలోంచి కాలు తియ్యి. నీ కాల్లోది నీళ్ళలోకి, నీళ్ళలోది నా పిల్లల కడుపులోకి పోతంది. ఇయ్యాల నా కళ్ళతో చూశా."

నలుగురిలో నాన్నకు ఎదురు నిలబడి మాట్లాడటం ఆమెకు అదే మొదలు. వెనక ఒక్కొక్కరే ఆడవాళ్ళు తెర చాటు నుంచి వచ్చి మెట్ల మీద నిలబడ్డారు. నాన్న అందరినీ చూశాడు, అమ్మను చూశాడు, కాలు పైకి తీశాడు. ఆ సాయంత్రం నుంచే ఊళ్ళో నీళ్ళు నాలుగు మడతల గుడ్డలో వడపోత మొదలైంది. నెల తిరక్కుండా ఆడవాళ్ళ పోరు పడలేక పంచాయతీ వాళ్ళు మెట్లకు అడ్డంగా గోడ కట్టి, గిలక వేయించారు.

మరుసటి ఎండాకాలం కూడా కొందరికి కురుపు లేచింది. ఊరి పెద్ద మళ్ళీ మీసం దువ్వాడు. "అవి పోయినేడు తాగినవండి, ఇంకొక్క ఏడు ఆగండి" అన్నారు మాస్టారు. ఆ పైయేడు మా ఊళ్ళో ఒక్క కాలికీ పుల్ల కట్టలేదు. తొలకరి పడగానే నాన్న అరక కట్టాడు. చేలో ఆయన ఎద్దుల్ని అదిలిస్తుంటే గట్టు మీద అమ్మ పమిటతో కళ్ళొత్తుకుంది. నా బడి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

అక్కడితో ఆగితే ఆయన మా నాన్న ఎందుకవుతాడు! జగ్గయ్యపేట సంతలో మాస్టారు మైక్రోస్కోపు పెడితే, పంచె పైకెగ్గట్టి మచ్చల కాలు చూపిస్తూ కేకలు వేసేవాడు. "రండి బాబూ రండి! మూడేళ్ళు మంచం దిగని కాలు ఇది! మీ చెంబులో ఏముందో మీరే చూసుకోండి!" జనం విరగబడేవారు. ఆడవాళ్ళ తెర దగ్గర అమ్మ. మాస్టారు పక్కన నిలబడి, పొట్ట పట్టుకుని నవ్వుతూ, "ఇక నాతో పనేముందమ్మాయ్!" అనేవారు. అంత సంతోషం ఆయన మొహంలో నేను మరెప్పుడూ చూడలేదు.

తర్వాత నేను జగ్గయ్యపేటలోనే సైన్సు టీచరునయ్యాను. పిల్ల మైక్రోస్కోపు మీదికి వంగగానే జవాబు నా నాలుక చివరికి వచ్చేస్తుంది. చేతులు వెనక్కి కట్టుకుని, నోరు గట్టిగా మూసుకుంటాను. ఒక్కోసారి గంట కొట్టేదాకా. అప్పుడు ఆ పిల్ల తలెత్తకుండానే, "టీచరండీ, ఇది కదులుతోందండీ!" అని అరుస్తుంది. ఆ అరుపు కోసం ఎంతసేపైనా ఆగగలను.