మాజ్జోరే సరస్సు మీద మా అక్క

మా అక్క పుట్టిందీ కాపురం చేసిందీ రెంటచింతలలోనే. అక్కడి ఎండలను తిట్టడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. ఏప్రిల్ వస్తే చాలు, తడిపిన దుప్పటి కిటికీకి కట్టి, "చల్లటి ఊరు ఒక్కటన్నా చూడకుండానే పోతానేమోనే" అని నా దగ్గర వాపోయేది. అందుకే మా చర్చి విచారణ నుంచి ఫాదర్ గారు ఇటలీ యాత్రకు జనాన్ని పోగేస్తున్నారని తెలియగానే, ఆమెను అడగకుండానే ఆమె పేరు ఇచ్చేశాను.

బావ ససేమిరా అన్నాడు. వయసంతా నాపరాయి క్వారీలో గడిపిన మనిషి. గుంటూరు ఆస్పత్రికి కూడా అక్కను ఒంటరిగా పంపి ఎరగడు. "ఆడ తప్పిపోతే ఎవురిది పూచీ?" అన్నాడు. "నాది" అన్నాను. నాకు మాట ముందు వస్తుంది, ఆలోచన తీరిగ్గా వెనక నడిచి వస్తుంది. ఆ రోజు మాత్రం ఆ తేడా తెలియలేదు.

పూచీ పడ్డాను కాబట్టి చదువుకున్నాను కూడా. మాచర్లలో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెబుతాను. మ్యాపు కనబడితే వదలను. యాత్ర చివరి రోజున వాళ్ళు చూడబోయేది మాజ్జోరే అనే సరస్సు. ఆల్ప్స్ కొండల కాళ్ళ దగ్గర, ఒకప్పుడు మంచుగడ్డల నది దొలిచిన లోయలో సన్నగా, పొడుగ్గా పడుకుని ఉంటుంది. ఎక్కువ భాగం ఇటలీది, ఉత్తరపు కొస స్విట్జర్లాండుది. పడమటి ఒడ్డున స్ట్రేసా అనే ఊరు. మిలాను నుంచి రైలు అక్కడికి వచ్చి, ఇంకా పైకి పోయి, కొండ కింద సొరంగంలో దూరి స్విట్జర్లాండులో తేలుతుంది. అవతలి ఒడ్డున కొండరాతికి అతుక్కుని ఒక పాత మఠం. నీళ్ళ మీద తుఫానులో చిక్కి బతికి బయటపడ్డ వ్యాపారి ఒకడు, అక్కడి గుహలో సన్యాసిగా ఉండిపోయాడని చెబుతారు. పడవ మీద వెళ్ళి ఆ మఠం చూసి, తిరిగొచ్చి, స్ట్రేసాలో బస్సెక్కి, మిలాను విమానాశ్రయానికి. అదీ ప్రోగ్రాము.

ఇవన్నీ అక్కకు చెబుతుంటే ఆమె ఊ కొడుతూ నిద్రపోయేది. వినింది బావే. అదీ ఒక్క ముక్క దగ్గరే. మిలానులోని పెద్ద గుడికి పాలరాయి ఆ కొండల్లోనే కొట్టి, ఈ సరస్సు మీదుగా పడవల్లో దింపేవాళ్ళని చదివినప్పుడు, బీడీ పక్కన పెట్టి, "రాళ్ళు పడవలోనా?" అని రెండుసార్లు అడిగాడు.

చివరికి బావ సరేననక తప్పలేదు, అక్క వెళ్ళింది. వేసవి సెలవులు కావడంతో యాత్ర చివరి రోజు సాయంత్రం నేను అక్క ఇంట్లోనే ఉన్నాను. పొద్దు ఇంకా గూకలేదు, వాకిట్లో బండలు కాలుతున్నాయి. వాట్సాప్ మోగింది. అక్కడ మధ్యాహ్నం.

"ఒసేయ్, పడవ కదిలిందే! మనోళ్ళు ఒక్కరూ ఎక్కలా!"

"వాళ్ళెక్కకుండా నువ్వెందుకెక్కావే?"

"సీట్లు ఆపుదామని! ముందు వరసంతా ఆపా. కర్చీఫ్ ఏశా, శాలువా పరిచా, నీళ్ళ సీసా పెట్టా, ఇంకోటి లేకపోతే జపమాల కూడా పెట్టా. పడవోడు తాడు ఇప్పేశాడు!"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మాచర్ల బస్టాండులో మా అక్కకు ఎదురు లేదు. బస్సు ఆగకముందే కిటికీలోంచి చెయ్యి దూర్చి నలుగురికి చోటు పట్టేస్తుంది. ఇక పడవ సంగతంటారా, ఆమె ఎక్కింది సాగర్ దగ్గర నాగార్జునకొండకు పోయే లాంచీ ఒక్కటే. అక్కడ రేవుకొచ్చిన లాంచీ ఏదైనా పోయేది కొండకే, తిరిగొచ్చేది రేవుకే. సరస్సు పడవలు తలా ఒక దిక్కుకు పోతాయని, రేవులో ఏ పడవ ఎటో చూసి ఎక్కాలని ఆమెకు ఎలా తెలుస్తుంది? అన్నీ నూరిపోసిన నేను ఆ ఒక్కటీ చెప్పలేదు.

"ఫాదర్ గారికి ఫోన్ చెయ్యి."

"నాకు భయమే. తిడతాడు."

"నేను తిట్టనా?"

"నువ్వు తిడితే అలవాటే కదే."

పడవలో గోడకు అతికించిన పటం ఫొటో తీసి పంపమన్నాను. సగమే తీసి పంపింది. ఆ సగం చాలు. పడవ మఠం వైపు కాదు, పైకి పోతోంది. ముందు దీవులు, తర్వాత ఉత్తరాన ఊళ్ళు. దిగకుండా కూర్చుంటే రేవు రేవుకూ దూరమవుతుంది. కొన్ని పడవలు సరిహద్దు దాటి స్విట్జర్లాండు దాకా పోతాయని కూడా చదివి ఉన్నాను. పాస్‌పోర్టులన్నీ ఫాదర్ గారి సంచిలో ఉన్నాయి. వాళ్ళ విమానం అక్కడి సాయంత్రానికే.

"అక్కా, మొదట ఆగిన చోట దిగిపో. ఎటూ కదలకు. వెనక్కొచ్చే పడవ ఎక్కు. స్ట్రేసానా అని అడిగి మరీ ఎక్కు."

"అది ఊరేనా?"

"ఊరే. ఇళ్ళున్నాయి, అంగళ్ళున్నాయి."

చుట్టూ నీళ్ళున్నాయని చెప్పలేదు. చెబితే దిగదు. ఇంతలో ఫోన్ కట్టయింది. మళ్ళీ కలవలేదు.

ఫాదర్ గారికి చేశాను. ఆయన అప్పటికే తలలు లెక్కపెట్టి, ఒకటి తక్కువై, మళ్ళీ లెక్కపెడుతున్నారట. ఒక్క మాట అనలేదు పాపం. మఠం మానేసి అందరం రేవులోనే నిలబడతామన్నారు. "బస్సు వాడు మాత్రం చానాసేపు ఆగడమ్మా" అన్నారు.

దీవి నుంచి మొదటి పడవ వచ్చింది. అందులో అక్క లేదని ఫాదర్ గారు ఫోన్ చేశారు.

అక్క ఫోనుకు మళ్ళీ చేశాను, కలవలేదు. ఆమె దిగిందో లేదో, దిగి ఇంకో తప్పు పడవ ఎక్కిందో. బావ గడప మీద కూర్చుని అంతా వింటున్నాడు. పూచీ ఎవరిదని అడుగుతాడని చూశాను. అడిగితే బాగుండేది, అరిచి పోట్లాడేదాన్ని.

"ఆ చెరువు ఎంత లోతమ్మా?" అన్నాడు.

"తెలీదు బావా" అన్నాను. తెలుసు.

"రాళ్ళ పడవలు పోయినయ్యంటే చానా లోతే ఉంటది" అని ఆయనే చెప్పుకున్నాడు. మసీదు మైకు, చర్చి గంట, ఎవరిదో మోటారు చప్పుడు, అన్నీ వినబడ్డాయి. ఫోన్ మాత్రం మోగలేదు.

మోగినప్పుడు నేను ఎత్తలేకపోయాను. బావే ఎత్తి స్పీకర్ నొక్కాడు.

"వచ్చిందమ్మా! మీ అక్క వచ్చేసింది!" అని ఫాదర్ గారు అరుస్తున్నారు. వెనక మా ఊరి ఆడవాళ్ళంతా ఒక్కసారే మాట్లాడుతున్నారు.

హమ్మయ్య అనే మాటకు ఇంత బరువుందని నాకు అప్పుడు తెలిసింది. నేల మీద కూలబడి ఏడ్చాను. ఏడుపు అయిపోగానే, అలవాటు చొప్పున, కోపం వచ్చింది. వీడియోలో అక్క మొహం కనబడగానే అందుకున్నాను: "మొదటి పడవ ఎందుకెక్కలేదే?"

"లైన్లో నిలబడ్డానే! మళ్ళీ ఎగబడితే ఏమవుద్దోనని అందరినీ ఎక్కనిచ్చా. నా వంతొచ్చేసరికి నిండిందన్నాడు. ఇంకోటొచ్చిందాకా ఆణ్ణే ఉన్నా. ఫోనేమో చార్జింగ్ సచ్చింది, ఇది ఫాదర్ గారి ఫోను. అయినా అది దీవి అని చెప్పలేదేందే నువ్వు? ఎటు చూసినా నీళ్ళే!"

బావ నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. ఇక అయింది, ఆమెకూ నాకూ కలిపి తిట్లు పడతాయనుకున్నాను.

"బాగుందా ఆ దీవి?" అన్నాడు.

అక్క ఆ మాట ఊహించలేదు. గట్టి గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది.

"మొదట భయమేసిందయ్యా. తర్వాత నీళ్ళ పక్కన ఒక బల్ల కనపడితే కూకున్నా. ఎదురుగా కొండలు, వాటి మీద మంచు. చల్లగా గాలి. నన్ను పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరు. పుట్టి బుద్ధెరిగాక అట్టా ఒక్కదాన్నే కూకున్నది ఇదే. నిజం చెప్తే తిట్టవు గదా? పడవ అప్పుడే వచ్చిందే అనిపించింది."

బావ తిట్టలేదు. "ఇంకాసేపు కూకోవాల్సింది" అన్నాడు.