జేబులో కుట్టిన పేరు

రెజ్ పెంకెత్ జేబుల్లో చేతులు పెట్టుకోడు. జనవరిలో మెర్సీ నది మీంచి గాలి ఎముకలు కొరికేస్తున్నా సరే, బస్సు డిపోలో మిగతా డ్రైవర్లంతా చేతులు జేబుల్లోకి దోపుకుని నిలబడితే, ఇతనొక్కడే ఉన్ని గ్లవ్స్ తొడుక్కుని చేతులు బయటికి వేలాడేసుకుని తిరుగుతాడు.

"ఏం రెజ్, జేబులు తాకట్టు పెట్టావా?" అని ఏడిపించేవాళ్ళు తోటివాళ్ళు.

"చిల్లర దాస్తున్నానని మా ఆవిడ కుట్టేసింది," అని నవ్వేసేవాడు. ఆ నవ్వు వెనక ఏముందో మా వాల్టన్ పేటలో ఎవరికీ తెలీదు. కట్టుకున్న డోరీన్‌కి కూడా తెలీదు. అలా ఇరవై ఏళ్ళు పైనే గడిచిపోయాయి.

అంతకుముందు అతనూ అందరిలాంటి వాడే. మా ఊరి ఎర్రచొక్కాల ఫుట్‌బాల్ జట్టంటే పడి చచ్చేవాడు. ఎనభై తొమ్మిది ఏప్రిల్లో షెఫీల్డ్‌లో సెమీఫైనల్ ఆడుతుంటే డోరీన్ వద్దంటున్నా వెళ్ళాడు. ఆ రోజు సంగతి మా లివర్‌పూల్లో ఎవరూ ఎవరికీ విడమరిచి చెప్పరు, చెప్పక్కర్లేదు. అప్పటికే కిక్కిరిసిన ఇనపకంచెల మధ్యకి పోలీసులు ఇంకా జనాన్ని వదిలారు. ముందున్నవాళ్ళు కంచెకి నొక్కుకుపోయారు. అక్కడే ప్రాణం పోయినవాళ్ళూ, తర్వాత ఆసుపత్రుల్లో పోయినవాళ్ళూ కలిపి తొంభై ఏడుగురు. ఆట చూడ్డానికి వెళ్ళిన మనుషులు!

రెజ్ ఎలాగో కంచె ఎక్కి అవతల గడ్డి మీద పడ్డాడు. పక్కనే ఓ కుర్రాడు పడి ఉన్నాడు, పదిహేనేళ్ళుంటాయేమో. పెదాలు నీలంగా మారిపోయాయి. రెజ్‌కి వైద్యం ఏం తెలుసు? పోతున్న ప్రాణాన్ని పేరుపెట్టి పిలిస్తే ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూస్తుందని వాళ్ళ నాయనమ్మ చెప్పేది, అదొక్కటే గుర్తొచ్చింది. కానీ ఈ కుర్రాడి పేరేమిటి?

బడికెళ్ళే పిల్లల కోట్లకి కాలరు లోపల తల్లులు పేరున్న పట్టీ కుట్టడం మా దగ్గర మామూలే. కాలరు తిప్పి చూశాడు, లేదు. కోటు తెరిచి లోపలి జేబులో చెయ్యి పెట్టాడు. వేళ్ళకి గరుగ్గా తగిలింది. జేబు బయటికి తిరగేస్తే తెల్లపట్టీ మీద ఎర్రదారంతో డామినిక్ హాల్సాల్ అని ఉంది.

"డామినిక్! ఒరేయ్ డామినిక్ హాల్సాల్! లే!" అని గొంతు చించుకున్నాడు.

"ఏయ్! తియ్యి చెయ్యి!" ఓ పోలీసు అరిచాడు. "వాడి జేబులో ఏం వెతుకుతున్నావ్?"

రెజ్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఈలోగా ఎవరో ప్రకటన బోర్డు ఒకటి ఊడబెరుక్కొచ్చారు. నలుగురూ కలిసి కుర్రాణ్ణి దాని మీద పడుకోబెట్టి పరుగెత్తారు. అంబులెన్సు దగ్గర ఎవరో అందుకున్నారు, అంతే. బతికాడో పోయాడో తెలీదు.

బుధవారం పొద్దున డ్యూటీకి వెళ్తూ రెజ్ ఎప్పటిలాగే ఐవీ మోలినో పేపర్ల షాపులోకి వెళ్ళాడు. ఐవీ మా ఊళ్ళోనే ఉన్న పోటీజట్టు, నీలంచొక్కాల జట్టు మనిషి. ఆమె కిటికీ నిండా నీలమే, కర్టెన్లు కూడా. రెజ్ కంటే పదేళ్ళు పెద్దది, నోరు మాత్రం అంతకు రెండింతలు పెద్దది. ఆ రోజు ఆవిడ కూడా ఏడిపించలేదు. కౌంటరు మీద లండన్ పేపరొకటి తెరిచి ఉంది. దాని పేరు నేను రాయను. మా ఊళ్ళో ఎవరూ నోటితో పలకరు, 'ఆ పేపరు' అంటే చాలు. తాగిన అభిమానులే చచ్చినవాళ్ళ జేబులు కొట్టేశారని మొదటి పేజీలో అచ్చేసింది. పైగా ఇదే నిజమని ఇంతేసి అక్షరాలు!

ఊరంతా అది చదివి భగ్గుమంది. రెజ్ మాత్రం తన చేతి వైపు చూసుకున్నాడు. ఇది నా గురించే, అనుకున్నాడు. ఆ పోలీసు నన్ను చూసి చెప్పుంటాడు, వీళ్ళు రాసుంటారు. నా ఒక్క చెయ్యి మూలాన ఊరికి ఊరే దొంగల ఊరైపోయింది.

ఐవీ కట్ట మొత్తం ఎత్తి వీధిలోకి విసిరికొట్టింది. "ఎర్రోళ్ళని నేను రోజూ వంద తిడతాను. అది మా ఇంటి గొడవ! చచ్చిన పిల్లల మీద బురద చల్లడానికి వీడెవడు?" అంది. అరలో ఖాళీ అయిన ఆ చోట్లో జెరేనియం మొక్క ఒకటి తెచ్చి పెట్టింది. ఆ చోటు ఇక ఆ మొక్కదే అయిపోయింది.

ఊళ్ళో షాపు తర్వాత షాపు అదే పని చేసింది. టాక్సీల వెనక, పబ్బుల తలుపుల మీద 'ఆ పేపరు కొనకండి' అని స్టిక్కర్లు వెలిశాయి. పైవూరి మనిషెవరైనా దాన్ని రెజ్ బస్సులో తెరిస్తే, డ్రైవరు నోరెత్తక్కర్లేదు. "బాబూ, దాన్ని మడిచైనా పెట్టు, దిగైనా పో," అనేవాళ్ళు ముసలమ్మలు. అద్దంలో ఇదంతా చూస్తూ రెజ్ కళ్ళు తుడుచుకునేవాడు. ఆ దేవుడి దయ, ఇలాంటి ఊళ్ళో పుట్టాను అనుకునేవాడు. ఆ వెంటనే, వీళ్ళు వెనకేసుకొస్తున్నది నన్నే అని తెలిస్తేనో అనుకునేవాడు. ఎర్రజట్టు మైదానానికి వెళ్ళడం మానేశాడు. పోయినవాళ్ళ పేర్లు చెక్కి అక్కడ నిలిపిన స్మారకం రాయి వైపు కన్నెత్తి చూడలేదు. ఆ పేర్లలో కుర్రాడి పేరుంటే తట్టుకోలేనని భయం.

ఒకసారి ఆ పేపరు తరఫున సూటు వేసుకున్న కుర్రాడొకడు ఐవీ షాపుకి వచ్చాడు. కొత్త స్టాండు ఉచితంగా ఇస్తాం, పేపరు మళ్ళీ పెట్టండి, ఇన్నేళ్ళయిందిగా అన్నాడు.

"నాయనా, మీ అమ్మకి నువ్వెక్కడ పనిచేస్తున్నావో తెలుసా?" అంది ఐవీ.

"తెలుసండీ."

"అయ్యో పాపం ఆవిడ! ఇదిగో, టాఫీ తీసుకుని నడువు."

టాఫీ ఇచ్చే పంపింది. ఐవీ తిట్టులో కూడా అంత మర్యాద ఉంటుంది.

ఆఖరికి రెండువేల పన్నెండులో విచారణ సంఘం కాగితాలన్నీ తవ్వి, అభిమానులు ఎవరినీ దోచుకోలేదనీ, అదంతా కట్టుకథేననీ తేల్చింది. ఆ పేపరు మొదటి పేజీలోనే క్షమాపణ వేసుకుంది. దాన్ని కూడా మా ఊళ్ళో ఎవరూ కొనలేదనుకోండి. ఊరంతా కావలించుకుని ఏడ్చింది. రెజ్ కూడా ఏడ్చాడు, కానీ లోపలి ముల్లు కదల్లేదు. నా సంగతి వాళ్ళకి తెలీదు కాబట్టి అలా రాశారు అనుకున్నాడు.

ఆ చలికాలంలోనే ఓ మధ్యాహ్నం ఐవీ రెండు చేతులా స్కౌస్ కుండ పట్టుకుని వీధి దాటి వస్తోంది. బంగాళాదుంపలూ మాంసమూ వేసి ఉడికించిన ఆ కూర పొగలు కక్కుతోంది. షాపు తలుపు తాళం వేసి ఉంది. రెజ్ అక్కడే నిలబడ్డాడు.

"మంచి సమయానికి ఉన్నావు. నా కోటు జేబులో తాళాలున్నాయి, తియ్యి నాయనా."

రెజ్ కదల్లేదు.

"చేతులు కాలిపోతున్నాయయ్యా!"

"నేను తియ్యలేను ఐవీ. ఇంకోళ్ళ జేబులో చెయ్యి పెట్టలేను."

ఐవీ కుండ మెట్టు మీద దించి అతని మొహంలోకి చూసింది. ఇక ఆగలేక ఆ చలిగాలిలోనే అంతా చెప్పేశాడు. కుర్రాడి కోటూ, ఎర్రదారమూ, పోలీసు అరుపూ, ఏదీ దాచలేదు. "ఆ అబద్ధానికి మొదలు నేనే ఐవీ," అన్నాడు చివరికి.

ఐవీ అందుకుంది. "ఓరి నీ మొహం మండా! వాడి పర్సు తీశావా? పేరు తీశావు! ఆ దిక్కుమాలిన పేపర్ని ఇన్నేళ్ళూ నా గుమ్మం తొక్కనివ్వలేదని మురిసిపోతున్నా. నువ్వు దాన్ని గుండెల్లో పెట్టుకుని రోజూ నా షాపులోకి తెస్తున్నావన్నమాట! ఏదీ, ఆ పేరేంటో మళ్ళీ చెప్పు."

"డామినిక్ హాల్సాల్."

"లేదు," అంది ఐవీ.

"ఏం లేదు?"

"ఆ రాయి మీద ఆ పేరు లేదు. నేను నీలం మనిషినే అయినా ప్రతి ఏప్రిల్లో వెళ్ళి పూలు పెట్టి అన్ని పేర్లూ చదివి వస్తాను. హాల్సాల్ అన్నవాడు అందులో లేడు రెజ్."

రెజ్ మెట్టు మీద కూలబడిపోయాడు. స్కౌస్ చల్లారిపోయింది, ఇద్దరూ పట్టించుకోలేదు.

మా ఊళ్ళో కబురు తిరగడానికి పేపరుతో పనిలేదు, ఐవీ కౌంటరు చాలు. ఆ శనివారమే పక్కనున్న హైటన్ నుంచి పౌలీన్ హాల్సాల్ వచ్చింది. తెల్లజుట్టు, చేతిలో సంచీ. వెనకాల పొడుగ్గా, కాస్త బట్టతలతో కొడుకు డామినిక్. రెజ్ షాపులో గ్లవ్స్ నలుపుకుంటూ నిలబడ్డాడు.

"మీ కోసం ఎన్నాళ్ళు వెతికామయ్యా!" అంది పౌలీన్. "మా వాణ్ణి పేరుపెట్టి పిలిచిన మనిషి ఎవరని ఆ రోజు అక్కడికి వెళ్ళి వచ్చినవాళ్ళందరినీ అడిగాను."

"అమ్మా, నేను మీవాడి జేబులో..." రెజ్ చెప్పబోయాడు.

"మరి ఇంకెక్కడ వెతుకుతారు? కాలరుకి కుడితే స్నేహితులు నవ్వుతారని గోల పెట్టాడు వెధవ. పోనీలే అని లోపలి జేబులో దాచి కుట్టాను. మీరు అందులో చెయ్యి పెట్టకపోతే ఈ రోజు నాకు కొడుకేడి?"

డామినిక్ సిగ్గుపడుతూ ముందుకొచ్చాడు. "నాకు గుర్తున్నది అదొక్కటేనండీ. ఇంట్లో నన్ను డామ్ అనే పిలుస్తారు. డామినిక్ హాల్సాల్ అని పూర్తిగా పిలిస్తే అమ్మకి కోపం వచ్చిందని అర్థం. బడికి ఆలస్యమైందనుకున్నా. లేవకపోతే చంపేస్తుందని కళ్ళు తెరిచా."

ఐవీ పకపకా నవ్వింది, నవ్వుతూనే ముక్కు చీదుకుంది. పౌలీన్ రెజ్ గ్లవ్స్ రెండూ లాగేసి కౌంటరు మీద పడేసి, ఆ మోటు చేతుల్ని తన కళ్ళకి ఆనించుకుంది. రెజ్ కాదనలేదు. థాంక్స్ చెప్పాల్సింది తనే అనిపించింది అతనికి. కుర్రాడు బతికినందుకూ, ఊరు నమ్మినందుకూ, చివరికి ఈ ఇల్లాలు వెతుక్కుంటూ వచ్చినందుకూ. కానీ నోట్లోంచి వచ్చింది వేరే.

"కుట్టు చాలా గట్టిగా కుట్టారమ్మా."

"మా అమ్మ నేర్పిందయ్యా," అంది పౌలీన్.

తల్లీకొడుకుల్ని బస్టాపు దాకా సాగనంపడానికి రెజ్ వాళ్ళతో బయటికి వచ్చాడు. నది మీంచి చలిగాలి కొట్టింది. గ్లవ్స్ కౌంటరు మీదే మర్చిపోయాడు రెజ్. రెండడుగులు వేసి, ఆగి, కోటు జేబుల్లోకి రెండు చేతులూ దోపుకున్నాడు.

గుమ్మంలోంచి ఐవీ కేకేసింది. "సోమవారం బస్సెక్కాక మాత్రం ఆ చేతులు బయటికి తియ్యి నాయనా, మేమంతా అందులోనే రావాలి!"