తొమ్మిదో బస్తా

మిర్చి కొన్న కమీషన్ వ్యాపారి ఇచ్చిన చెక్కు, ఖాతాలో డబ్బు చాలక వెనక్కి వచ్చింది. ఆ ఏటి కాయల డబ్బులో సగం అది. బ్యాంకు వాళ్లు చెక్కుకి, కారణం రాసి ముద్ర వేసిన చిన్న కాగితం పిన్ను చేసి మా ఆయన చేతికిచ్చారు. ఆ రెండూ ఉంటేనే కేసు నిలుస్తుందని, కాగితం అందిన ముప్పై రోజుల్లోగా వ్యాపారికి నోటీసు పంపాలని గుంటూరు లాయరుగారు ఫోనులో చెప్పారు. క్యాలెండరులో గుర్తు పెట్టాను. నాలుగో రోజున కాగితాలు అడిగితే ఆయన తల గోక్కున్నారు.

"జేబులోనే పెట్టానే."

ఉతకడానికి తీసిన చొక్కా జేబులో మా పేరు రాసిన చీటీ ఒకటే ఉంది. బ్యాంకు నుంచి వచ్చిన రోజే మిగతా కాయలు కోల్డ్ స్టోరేజీకి పంపాం. బస్తా మూతి కుట్టే ముందు పేరు, రకం రాసిన చీటీ లోపల వేయడం మా అలవాటు. పన్నెండు బస్తాలకు పన్నెండు చీటీలు నేనే రాసి, మడిచి ఇస్తే ఆయన అదే జేబులో వేసుకుని ఒక్కొక్కటే తీసి వేశారు. ఒకటి మిగిలిందంటే, దాని బదులు బ్యాంకు కాగితాలు ఏదో బస్తాలోకి వెళ్లాయన్నమాట.

"నువ్వు పోలీసుల్లో ఉండాల్సిన మనిషివి," అన్నారాయన.

నల్లపాడు దగ్గరి కోల్డ్ స్టోరేజీకి వెళ్లాం. చలి గదిలో హమాలీ కుట్లు విప్పుతుంటే ఆయన శాలువా కప్పుకుని తుమ్ముతూ నిలబడ్డారు. ఎనిమిది బస్తాలు అయిపోయాయి.

"దొరక్కపోతే ఏం చేస్తారు మామ్మగారూ?" అన్నాడు హమాలీ.

"ఇంకా నాలుగున్నాయిగా. విప్పు."

"ఈవిడతో నలభై ఏళ్లుగా వేగుతున్నానయ్యా," అంటూనే ఆయన శాలువా తీసి నా భుజాల మీద వేశారు.

తొమ్మిదో బస్తాలో దొరికాయి, పిన్నుతో సహా. మళ్లీ కుట్టే ముందు, మిగిలిన చీటీని అందులో వేయించాను.

లాయరుగారు ఆ కాగితాల మడత విప్పి మూడుసార్లు తుమ్మారు. "ఈ ఘాటుకే దిగొస్తాడండి," అన్నారు. బ్యాంకు కాగితం అందిన పదో రోజున నోటీసు వెళ్లింది. అది అందాక డబ్బు కట్టడానికి పదిహేను రోజులు గడువు. ఆ గడువులో పద్నాలుగో రోజున వ్యాపారి మొత్తం కట్టేశాడు.

ఇప్పుడు బస్తాలు కుట్టే రోజున ఆయన చొక్కా జేబు ముందే కుట్టేస్తాను. ఆయన చీటీలు గుప్పిట్లో పట్టుకుని, ఒక్కొక్కటే నాకు చూపించి వేస్తారు.