ఖరగ్‌పూర్‌లో ముప్ఫై ఒక్కరికి పనుంది

ఆ ప్రయాణంలో పోయినవి ముందు చెప్పేస్తాను. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం మీద గొడుగు ఒకటి. కటక్ దాటాక కిటికీలోంచి తువ్వాలు ఒకటి. పలాసలో దిగే తొందరలో ఎడమకాలి చెప్పు. ఎక్కగలిగి ఉండీ ఎక్కని రైలు ఒకటి. దాని వల్ల ముప్ఫై ఎనిమిది కుంచాల బియ్యం. గొడుగు, తువ్వాలు, చెప్పులు మళ్లీ కొనుక్కున్నాను. బియ్యం నావి కావు.

వానలు లేని రెండో ఏడు అది. మా ఊరు పలాసకు ఆరు మైళ్లు. ఊళ్లో ఒక సాయం సంఘం పెట్టుకుని, గడవని ఇళ్లకు ప్రతి శనివారం పొద్దున్న ఇంటికి రెండు కుంచాల చొప్పున బియ్యం కొలిచేవాళ్లం. నేను బియ్యం మిల్లులో గుమస్తాను. చదువు ఐదో తరగతితో ఆగినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను కనుక జాబితా నా చేతిలో ఉండేది. బియ్యం తరిగిపోతున్నాయని పెద్దలు ఒక తీర్మానం చేశారు. ఖరగ్‌పూర్ వెళ్లిన మగవాడికి అక్కడ పని ఉంటే ఇక్కడ అతని ఇంటికి బియ్యం ఆపేయాలి. అలాంటి ఇళ్లు ముప్ఫై నాలుగు. ఎవరికి పని ఉందో కనుక్కుని శనివారంలోగా తెలపమని నన్ను పంపారు.

సోమవారం సాయంత్రం ఆరింటికి మూడో తరగతి పెట్టె ఎక్కాను. సోంపేటలో ఎక్కిన ఒక ముసలమ్మ తన మూట నా కాళ్ల మీదే సర్దింది. "ఖరగ్‌పూరా బాబూ? బెంగపడకు. ఆ టేసన్లో తెలుగులో తిడితే తెలుగులోనే జవాబొస్తాది" అంది.

మంగళవారం తొమ్మిదిన్నరకు దిగాను. రిక్షాకు అర్ధరూపాయి. మా పిన్ని కూతురు పోలమ్మ ట్రాఫిక్ కాలనీలో రైల్వే క్వార్టర్లో ఉంటుంది. ఆమె భర్త ఎర్రన్న వర్క్‌షాపులో పర్మనెంటు ఫిట్టరు. మధ్యాహ్నం చేపల పులుసుతో అన్నం పెట్టింది. సాయంత్రం సైరన్ కూసి గేటు వదిలాక, ఊరి నుంచి మనిషి వచ్చాడని ఎర్రన్న కబురు పెడితే ముప్ఫై నలుగురూ క్వార్టర్ల ముందు ఖాళీ జాగాలోకి వచ్చారు. నేను ముక్కాలిపీట మీద కూర్చుని ఒక్కొక్కరి పేరూ పిలిచి అందరి ఎదుటా అడిగాను.

"పనుందా?"

"ఉంది."

ఒకడికి కాలు విరిగింది, ఇద్దరు బాగా పెద్దవాళ్లు. ఆ ముగ్గురూ లేదన్నారు. ముప్ఫై ఒక్కరు ఉందన్నారు. పావుగంటలో తేలిపోయింది. అప్పుడే ఆ పేర్లన్నీ పోస్టుకార్డు మీద సన్నగా రాసి స్టేషన్‌లో టపా డబ్బాలో వేశాను. "ఇంత బేగి లెక్క ఏ సర్కారు తీస్తాది బావా?" అని ఎర్రన్న నవ్వాడు. నాకూ అలాగే అనిపించింది.

గురువారం మధ్యాహ్నం మూడు నలభై బండికి తిరుగు ప్రయాణం అనుకున్నాను. ఆ పొద్దున్న పదింటికి పిల్లలకు పలకలు కొందామని ఇందా బజారుకు వెళ్లాను. అక్కడ ఒక బెంగాలీ దుకాణం ముందు బంగాళాదుంపల బస్తా మోస్తూ సూరి కనిపించాడు. మా ఊరి గౌరమ్మ మొగుడు. మంగళవారం ఉందన్న వాళ్లలో అందరికన్నా గట్టిగా అన్నవాడు.

"ఏటి సూరీ, డ్యూటీ లేదా?"

బస్తా దించి తుండుతో మొహం తుడుచుకున్నాడు. "పేరుంది గదా బాబూ."

"పేరేమిటి?"

"వర్క్‌షాపు పుస్తకంలో పేరు. ఎవడైనా రాకపోతే పిలుస్తారు. పిలిసినప్పుడు ఎల్తాను."

"కిందటి వారం ఎన్ని రోజులు పిలిచారు?"

"ఒకటి."

"మరి పనుందన్నావు?"

"పేరుంటే పనున్నట్టే. అంతమందిలో లేదని ఎలగంతాను? ఆ మాట ఊరికెల్తే మా మామ తలెత్తుకుంటాడేటి?"

లోపల్నుంచి దుకాణదారు "ఎయ్ సూరీ, జల్దీ!" అని కేకేశాడు. సూరి మళ్లీ బస్తా ఎత్తుకున్నాడు.

నేను నడుస్తూనే లెక్క వేసుకున్నాను. సూరి ఒక్కడే అయి ఉండడు. క్వార్టరుకు వచ్చి చెబితే పోలమ్మ చేట పక్కన పెట్టింది.

"మగోల్లని పదిమందిలో నిలబెట్టి పనుందా అనడిగితే ఏటంతారన్నియ్యా? నన్నడగవలసింది. పొద్దున్న సైరన్‌కి మా సందులోంచి ఎవుడు ఎల్తాడో, ఎవుడు అరుగుమీద కూకుంతాడో నాకు తెల్దా?"

"ఇప్పుడెలా?"

"కార్డు రేపు ఊరికి సేరుతాది. మూడు నలభైకి బండుంది. ఎక్కీ. ఎల్లి నోటితో సెప్పు, కార్డు తప్పని."

"తప్పని చెబితే, ఒప్పేదని అడుగుతారు. ఎందరో తేలకుండా ఎలా వెళ్లను?"

"నీ లెక్క తిని బతుకుతారేటి అక్కడోళ్లు?" అంది పోలమ్మ.

నేను వెళ్లలేదు. నోటుపుస్తకంలో కొత్త గళ్లు గీశాను. కిందటి వారం గేటు లోపలికి ఎన్ని రోజులు, పొయ్యి రోజుకు ఎన్ని పూటలు, పిల్లలు ఇక్కడుంటే బడికి వెళ్తున్నారా. ఈసారి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి విడిగా అడిగాను. తాల్‌బగీచా పేటలో నలుగురు ఒకే గదిలో ఉంటున్నారు. పొయ్యి ఒక పూటే. మూడు నలభై బండి కూత అక్కడికి వినిపించింది. పెన్సిలు ఆగలేదు గానీ, ఆ వరస రెండుసార్లు రాశాను.

శుక్రవారం మధ్యాహ్నానికి పూర్తయింది. పన్నెండు మంది వారంలో ఆరు రోజులూ లోపలికి వెళ్తున్నారు. మిగిలిన పందొమ్మిది మందికీ కలిపి ఇరవై ఎనిమిది రోజులు. అంతా కూడితే నూరు. మనిషికి సగటు మూడు రోజులు దాటింది. కాగితం మీద అది నిమ్మళంగా కనిపిస్తుంది. కాని ఆ ముప్ఫై ఒక్కరిలో మూడు రోజులు పనిచేసినవాడు ఒక్కడూ లేడు. అంతా ఆరు, కాకపోతే ఒకటో రెండో.

తంతి ఇవ్వవచ్చన్న సంగతి అప్పుడు తోచింది. కాని తంతి అయినా టపా మనిషే తేవాలి, మా ఊరికి అతను సోమ, శుక్రవారాల్లోనే వస్తాడు. ఆ శుక్రవారం నా కార్డు తీసుకుని ఈపాటికి వెళ్లే ఉంటాడు. పరుగెత్తి మూడు నలభై బండి పట్టుకున్నాను. గొడుగు పోయింది అక్కడే.

వేళకు నడిస్తే పలాస పొద్దున్న ఏడింటికి. కొలత తొమ్మిదికి మొదలు. కటక్ దగ్గర మూడు గంటలకు పైగా ఆపేశారు. తలుపు దగ్గరికి, సీటు దగ్గరికి ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. బరంపురం దిగవలసిన తమలపాకుల వ్యాపారి నా వాలకం చూసి, "గడియారం మాటిమాటికీ సూస్తే ఇంజను సిగ్గుపడి పరిగెడతాదేటి బాబూ? కూకోండి" అన్నాడు. టీ ఇప్పించాడు. అది చల్లారిపోయింది.

పది పదిహేనుకు పలాస. ఒంటి చెప్పు పారేసి ఆరు మైళ్లు నడిచాను. సంఘం పాక దగ్గరికి చేరేసరికి కుంచం బోర్లించి ఉంది. పందొమ్మిది ఇళ్ల బియ్యం మిగతా ఇళ్లకు సర్దేశారు. నేను నోటుపుస్తకం తెరిచి చూపించాను. పెద్దలు ఓపికగా విన్నారు, వచ్చే శనివారం నుంచి ఇస్తామన్నారు. పోయిన వారానికి మాత్రం తీర్మానంలో దారి లేదన్నారు.

నెల జీతం రాగానే బియ్యం కొని ఆ పందొమ్మిది ఇళ్లకూ తీసుకెళ్లాను. మూడు ఇళ్లు తీసుకున్నాయి. గౌరమ్మ ఖాళీ సంచీ దండెం మీద ఆరేస్తోంది. నా మూట వైపు చూడలేదు.

"మా ఇంటాయనకి పనుంది గదా బాబూ. నువ్వే రాసినావు."

మిగతా ఇళ్లలోనూ దాదాపు ఆ మాటే.

ఆ దారిన ఇలాంటి పని మీద వెళ్లేవారికి రైలు వేళలు పైన రాశాను. క్వార్టర్లలో భోజనానికి లోటుండదు. పని ఉందా అని మాత్రం అడగకండి. ఎన్ని రోజులని అడగండి, అదీ ఒంటరిగా. లెక్క సగంలో ఉన్నా మొదటి బండి ఎక్కండి.

తీసుకోని ఇళ్లు పదహారు. ఇంటికి రెండు. ఈ రోజుకూ బాకీ ముప్ఫై రెండు కుంచాలు.