సూది మొనంత మనిషి

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏ తగువైనా పొలం మాటలతోనే తీరేది. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి పోయే దారిలో ఒక పల్లె మాది, సేద్యం చేసుకునే ఇల్లు. మా అవ్వ, అంటే నాయన తల్లి, చెప్పిన మాటకు తిరుగుండేది కాదు. విత్తనం మగవాడిది, ఆడది వట్టి నేల అని ఆమె నమ్మకం. నిజానికి ఊరంతటి నమ్మకమూ అదే. మా చిన్నమ్మకు రెండుసార్లు మూడో నెల నిండకుండానే కడుపు పోయింది. తన కొడుకు విత్తనం మేలైనదే కాబట్టి తప్పంతా నేలదేనని అవ్వ తేల్చేసింది. మూడోసారీ నిలవకపోతే చిన్నాయనకు మారుమనువు చేస్తానని, రామారెడ్డిలో పిల్లను కూడా చూసి పెట్టింది.

అలాంటి రోజుల్లో చిన్నమ్మకు మళ్లీ నెల తప్పింది. ఆమె నవ్వడం మానేసింది, బావి దాకా పోవాలన్నా భయపడేది. నాకు మా అమ్మ దగ్గరకన్నా ఆమె దగ్గరే చనువు. ఆమెను పుట్టింటికి పంపేస్తారేమోనన్న దిగులుతో నాకు అన్నం సహించేది కాదు.

ఒకనాడు ఆమె నడుము నొప్పి అనగానే చిన్నాయన కచ్చరం బండి కట్టాడు. కామారెడ్డి దవాఖానకు పట్నం నుంచి ఒక ముస్లిం డాక్టరమ్మ కొత్తగా వచ్చిందని విన్నాం. అవ్వ కాపలాగా వచ్చింది. నేను చిన్నమ్మ కొంగు వదలకుండా బండెక్కాను.

పరీక్ష అయ్యాక అవ్వ తన నేల సిద్ధాంతాన్ని డాక్టరమ్మకే వినిపించింది. ఆమె కోప్పడలేదు. ఓ తెల్ల కాగితాన్ని సూదితో ఒక్క పోటు పొడిచి, కిటికీ వెలుగుకు పట్టింది.

"అవ్వా, గీ బెజ్జం కనబడుతున్నదా? ఆడమనిషి విత్తనం గిందుల పట్టేంతనే ఉంటది. అవును, ఆమెకు గూడ విత్తనం ఉంటది. మగాయనది ఇంకా సన్నం, కంటికి ఆనదు. రెండు కలిస్తెనే బిడ్డ. సగం ఆయనది, సగం ఈమెది."

అవ్వ ఆ కాగితాన్ని చేతికి తీసుకుంది. డాక్టరమ్మ నింపాదిగా చెప్పుకుపోయింది. లెక్కలేనన్ని మగ విత్తనాలు బయలుదేరితే ఒక్కటే లోపలికి పోతుందట, వెంటనే తలుపు మూసుకుంటుందట. కలిసిన ఆ ఒక్కటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. అలా చీలుతూనే నడిచిపోయి గర్భసంచి గోడలో వేళ్లు దించుకుంటుంది. నెల తప్పిందని తల్లికి తెలిసేసరికే లోపల పని ఎప్పుడో మొదలై ఉంటుంది. ఆ తర్వాత కొద్ది రోజులకే, బియ్యపు గింజంత కూడా లేని ఆ ముద్దలో గుండె కొట్టుకుంటుంది. చాలాసార్లు రెండు విత్తనాల పొత్తు కుదరక మొదట్లోనే ఆగిపోతుందనీ, దానికి నేలను తిట్టి లాభం లేదనీ అంది. ఈసారి నిలుస్తుందని మాత్రం మాట ఇవ్వలేదు.

"నా కొడుకు గూడ గింతేనా?" అంది అవ్వ.

"నువ్వు గూడ గింతే అవ్వా. నేను గూడ."

ఇంటిల్లిపాదినీ గడగడలాడించే మా అవ్వ ఒకప్పుడు ఆ బెజ్జంలో పట్టేదన్న మాట! వరండాలో కూర్చున్నవాళ్లనూ, బయట ఎడ్లకు నీళ్లు పెడుతున్న చిన్నాయననూ కొత్తగా చూశాను. గుళ్లో కూడా నాకెప్పుడూ అంత భక్తి కలగలేదు.

తిరుగుదారిలో గతుకులు మొదలయ్యే చోట అవ్వ తన గొంగడి మడిచి చిన్నమ్మ కింద వేసింది. "ఎడ్లను మెల్లగ తోలురా" అని కొడుకును గదమాయించింది. రామారెడ్డి సంబంధం ఊసు మళ్లీ ఎత్తలేదు.

నెలలు నిండి చిన్నమ్మకు ఆడపిల్ల పుట్టింది. మనవడు కావాలనుకున్న అవ్వ మొహం ముడుచుకుంటుందని అందరం భయపడ్డాం. ఆమె పసిగుడ్డును ఒళ్లో వేసుకుని కళ్లు తుడుచుకుంది.

"సూది మొనంత ఉంటివి. గింత దూరం ఎట్లొచ్చినవే తల్లీ?" అని అడిగింది.

ఇప్పుడు నేనే ముసలిదాన్ని. మా వాళ్లలో ఎవరింట బిడ్డ పుట్టినా తెచ్చి నా చేతుల్లో పెట్టి, ఎవరి పోలికో చెప్పమంటారు. నేను పోలికలు చూడను. ఆ చిన్ని చెవి దగ్గర నోరు పెట్టి అవ్వ అడిగిన మాటే అడుగుతాను. బిడ్డ ఎలా వస్తుందో డాక్టరమ్మ నోట విన్నదాన్నే, అయినా అడగకుండా ఉండలేను.