విమల్ ముక్కు

పగలంతా ధర్మపురిలో సెంట్రింగ్ పని చేసే విమల్‌కు సాయంత్రమైతే తన పాత కంప్యూటరే లోకం. స్విచ్ వేయగానే వెనకున్న ఫ్యాన్ దగ్గర ముక్కు పెట్టి, పసిబిడ్డ నెత్తిని వాసన చూసినట్టు కళ్లు మూసుకుని పీలుస్తాడు. లోపల ఏ వైరు వేడెక్కినా ఆ ముక్కుకు ముందే తెలుస్తుంది. మిక్సీ పాడైతే ఇరుగుపొరుగువాళ్లు కూడా అతన్నే పిలుస్తారు. అందుకే గేముల కోసం పెద్ద గ్రాఫిక్స్ కార్డు కొన్న రోజు, "మీ పాత పవర్ సప్లై దీన్ని మోయలేదు తంబీ, అంటుకుంటుంది" అని అంగడాయన చెప్పినా నవ్వేశాడు. "నా ముక్కుండాది లేన్నా."

కార్డు బిగించగానే తల్లి పంచవర్ణం సాంబ్రాణి వేసింది. "కొత్త సామాను గదరా, దిష్టి పోవాల." తాటాకు కప్పు కింద ఆ ఒంటిగది పొగతో నిండిపోయింది. విమల్ ఎప్పటిలాగే వంగి పీల్చాడు. సాంబ్రాణి తప్ప మరే వాసనా తగల్లేదు. తృప్తిగా గేము మొదలుపెట్టాడు. ఫ్యాన్ రొద పెరుగుతూ పోయింది. పొగ మాత్రం పల్చబడలేదు.

"చాలు మా, ఆ సాంబ్రాణి బయట పెట్టు," అన్నాడు తెర మీంచి చూపు తిప్పకుండా.

వాకిట్లోంచి ఆమె గొంతు వినిపించింది. "అప్పుడే తెచ్చి ఈడ పెట్టేసినాను గదరా."