చప్పుడు కానియ్యి

మొన్న కారం పట్టే గిర్నీ ముందు నుంచి వస్తుంటే కారం ఘాటుకు తుమ్ముల మీద తుమ్ములు వచ్చాయి. ముక్కు తుడుచుకుంటూ నవ్వుకున్నాను గానీ, వెనకే పాత సిగ్గూ వచ్చి నిలబడింది. సుగుణ మేడం గుర్తొచ్చింది.

ఎనభైలలో వరంగల్‌లో నా కెమిస్ట్రీ పరిశోధనకు ఆమె గైడు. అందరూ ద్రావకంలో కరిగించి, మరిగించి చేసే రియాక్షన్లను వట్టి పొడులు నూరి చేయవచ్చని ఆమె పట్టుదల. తోటివాళ్ల చేతుల్లో గాజు ఫ్లాస్కులు, నా చేతిలో పింగాణీ కల్వం. తల కొట్టేసినట్టుండేది. మా అమ్మ ఇల్లిల్లూ తిరిగి కారం దంచి నన్ను చదివించింది. "రోకలి నాతోనే పోవాలె బిడ్డా" అనేది. ఇంత చదివీ నా చేతికి మళ్లీ అదేనా!

పక్క బల్ల రమేశ్ ఊరుకుంటాడా? "ఏమక్కా, పచ్చడయిందా? జర ఉప్పు చూడు" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వి, బాత్రూంలోకి పోయి ఏడ్చేదాన్ని.

ఎన్ని వారాలు నూరినా రెండు పొడులూ ఎక్కడివక్కడే ఉండేవి. ఈ నెల కూడా ఇంతే అయితే అంశం మార్చుకోండని పైవాళ్లు చెప్పేశారు. అంటే నా చదువు మళ్లీ మొదటికి.

ఆ మధ్యాహ్నం మేడం నా పక్కన నిలబడి కాసేపు చూసింది.

"ఎవలకూ ఇనబడకుండ నూరుతున్నవ్ గదా?"

నేను కల్వం మీదికి ఇంకాస్త వంగాను.

"మీ అమ్మ గిట్లనే దంచుతదా?"

ఆమెకొక్కదానికే చెప్పుకున్న సంగతి అందరి ముందూ అడిగింది! భూమి చీలితే బాగుండుననిపించింది.

"కుర్చీల కూసుంటే బలం మణికట్టు దాంకనే. కిందికి రా" అంటూ కల్వంతో సహా నన్ను పక్కగదిలోకి తీసుకుపోయి, చీర కుచ్చిళ్లు సర్దుకుని తానే ముందు నేల మీద కూర్చుంది.

"తలుపు వేస్తా మేడం."

"తెరిచే ఉండనియ్. చప్పుడు కానియ్యి."

మోకాళ్ల మధ్య కల్వం పెట్టుకుని, అమ్మలా భుజం వంచి నూరాను. చెవులు కాలిపోతున్నాయి. గుమ్మంలో రమేశ్ వాళ్లు గుమిగూడారు. తలెత్తలేదు. నూరగా నూరగా పొడి చెమ్మగిల్లింది. పసుపుకు సున్నం తగిలినట్టు రంగు తిరిగింది. నిప్పు లేదు, నీళ్లు లేవు.

"అయింది గదనే పిల్లా!" అని మేడం నా వీపు మీద ఒక్కటి చరిచింది. గుమ్మంలో ఎవరూ నవ్వలేదు.

మేడం పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నేనే పిల్లలకు ఇది నేర్పుతున్నాను. చెబితే నవ్వుతారేమో, ఇప్పటికీ వరండాలో అడుగుల చప్పుడైతే నా చేయి దానంతటదే నెమ్మదిస్తుంది. ఆ సిగ్గు పూర్తిగా పోలేదు. అప్పుడు లేచి, తలుపు బార్లా తెరిచి, మళ్లీ కిందే కూర్చుంటాను.